ముక్క పరీక్ష : రాచపుండు విడిచిన గుఱుతులు



ఈ సాయంకాలము నేను ప్రస్తావింపబోవు విషయము వినుటకు ప్రియమైనది కాదు. దాని పేరెత్తుటకే మన యిండ్లలో జంకెదరు. ‘ఆ జబ్బు’ అందురు. గొంతు తగ్గించి చెప్పుదురు. మన పూర్వులు మానని పుండును రాచపుండు అనిరి. ఇప్పుడు క్యాన్సరు అనుచున్నాము. పేరు పలుకనంత మాత్రమున వ్యాధి మన గడప త్రొక్కక మానదు గనుక, పేరు పెట్టియే మాటాడుకొందము.

నేను వ్యాధినిదాన శాస్త్రము, అనగా పెథాలజీ, వృత్తిగా గలవాడను. మేము రోగి నాడి పట్టువారము కాము. శస్త్రము చేయువారమును కాము. రోగి దేహమునుండి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శిని క్రింద ఉంచి, అందేమి యున్నదో చదివి చెప్పువారము. రోగి మా ముఖము చూడడు. తఱచుగా మేమును రోగి ముఖము చూడము. అయినను ఆ రోగికి ఏ మందు ఈయవలెనో నిర్ణయించు మాట పలుమాఱులు మా బల్లమీదనుండియే వెడలును.

కొన్నియేండ్ల క్రిందట నలుబదియైదేండ్ల గృహిణి యొకతె ఎముకల నొప్పితో మా యాసుపత్రికి వచ్చినది. అంతకు రెండేండ్లకు పూర్వము ఆమెకు రొమ్మున గడ్డ లేచెను. ఒక పట్టణమున దానిని కోసి తీసివేసిరి. ఆ తీసిన గడ్డ యేమైనదని ఆమె భర్తను అడిగితిని. ‘గిన్నెలో పెట్టి మాకు చూపించినారండీ, తరువాత పారవేసినారు’ అని ఆయన చెప్పెను. ముక్క పరీక్షకు పంపుదమా యని వైద్యుడు అడిగినప్పుడు, వెంట వచ్చిన ఊరి పెద్ద యొకాయన, ‘తీసివేసినారు గదా, ఇంకా దానితో ఏమి పని? డబ్బు దండుగ’ అని వారించెనట. ఆయన మేలు కోరియే చెప్పెను. కాని ఆ మాటకు చెల్లించిన మూల్యమెంతయో మీకు చెప్పుటకే నేడు ఈ ప్రసంగము చేయుచున్నాను.

మొదట ఒక భయమును తొలగింపవలెను. ‘కత్తి తగిలితే గడ్డ పాకుతుంది’ అను మాట మన పల్లెలలో గట్టిగా నాటుకొనియున్నది. ఆ మాట పుట్టుటకు కారణము లేకపోలేదు. పూర్వము వ్యాధి ముదిరిన పిమ్మటనే రోగి వైద్యుని దగ్గఱకు వచ్చెడివాడు. కోసినను కోయకున్నను అప్పటికే వ్యాధి పాకియుండెడిది. నింద మాత్రము కత్తిమీద పడెను. సక్రమముగా చేసిన ముక్క పరీక్షవలన వ్యాధి వ్యాపించుట మిక్కిలి అరుదు. ఏ యవయవమున సూది గ్రుచ్చరాదో, ఏ దారిని గ్రుచ్చవలెనో వైద్యులెఱుగుదురు. నాటుకట్లతో గడపిన ఆఱు నెలలు చేయు కీడు సూది చేయదు.

ఇక ఆ ముక్కలో ఏమున్నదో చూతము.

మన దేహము కోట్లకొలది జీవకణములచే నిర్మితమైనది. వ్యాధి యనునది కణములయందు పుట్టు వికారమనియు, ప్రతి కణమును మఱియొక కణమునుండియే పుట్టుననియు 1858 సంవత్సరమున బెర్లిను నగరమందలి విర్కో పండితుడు ఒక గ్రంథమున నిరూపించెను. మా శాస్త్రమునకు అదియే పునాది. దాదాపు ప్రతి కణమునందును ఒక కేంద్రకము, ఆ కేంద్రకమున 46 క్రోమోసోములు కలవు. తల్లినుండి 23, తండ్రినుండి 23. వానియందు నాలుగే అక్షరములతో వ్రాయబడిన ఒక గొప్ప దస్తరము ఇమిడియున్నది. తల్లినుండి వచ్చిన ప్రతిలోను, తండ్రినుండి వచ్చిన ప్రతిలోను సుమారు 300 కోట్ల అక్షరముల చొప్పున కలవు. ఆ దస్తరములోని ఒక్కొక్క ప్రకరణమును జన్యువు అందురు. ఏ కణము ఎప్పుడు పెరుగవలెనో, ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు చావవలెనో అందే వ్రాసియున్నది.

కరణీకములుండిన దినములు మీలో చాలమందికి జ్ఞప్తి యుండును. 1984 సంవత్సరమున ఆంధ్రప్రదేశమున ఆ పదవులు రద్దగువఱకు ఊరి భూముల లెక్కలన్నియు కరణముగారి దస్తరములోనే యుండెడివి. పాత లెక్క చినిగిన క్రొత్త పుస్తకమున ఎత్తివ్రాసెడివారు. ఎత్తివ్రాయుచో ఒక సర్వే నంబరు తప్పినచో, ఆ తప్పు తరువాతి పుస్తకములన్నిటిలోను అట్లే సాగెడిది. మన కణములును ఇట్లే. ఒక కణము రెండుగా చీలుచో మొత్తము దస్తరమును ఎత్తివ్రాసికొనును. అప్పుడప్పుడు తప్పు దొరలును. పొగాకు పొగ, తీవ్రమైన యెండ, కొన్ని సూక్ష్మక్రిములు ఆ తప్పులను పెంచును. వయసుతోడను అవి పెరుగును. కొన్ని వంశములలో ఒక తప్పు పుట్టుకతోనే రావచ్చును.

ఒక్క తప్పుతో రాచపుండు పుట్టదు. బండి యెద్దులకు ములుకోలయు ఉన్నది, పగ్గమును ఉన్నది. కణములయందును పెరుగుమని పొడుచు జన్యువులు కొన్ని, ఆగుమని పట్టు జన్యువులు కొన్ని కలవు. ములుకోల ఊరక పొడుచుచు, పగ్గము తెగిపోయిననే బండి పల్లమున పడును. వీనికి తోడు, జమాబందీనాడు లెక్కలను తనిఖీ చేయు అధికారివంటి జన్యువు ఒకటి కలదు. అది తయారుచేయు ప్రొటీనునకు శాస్త్రజ్ఞులు పి-53 అని పేరు పెట్టిరి. 1979 సంవత్సరమున అది తెలియవచ్చెను. దస్తరమున తప్పు దొరలినచో చీలికను ఆపి, దిద్దుమనును. దిద్ద వీలుకాకున్న ఆ కణము తనంతట తాను నశించునట్లు చేయును. మానవులకు వచ్చు క్యాన్సరులలో ఇంచుమించు సగమునందు ఈ తనిఖీదారుడే చెడిపోయియుండును.

ఈ తప్పులు ఒకదానిపై నొకటి చేరుటకు ఏండ్లు పట్టును. అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఫెయరను, వోగెల్‌స్టీను అను పండితులు పెద్దప్రేగు క్యాన్సరును గూర్చి పరిశోధించి, ప్రేగులోపల చిన్న బొడిపె మొలచుట, అది పెద్దదగుట, తుదకు క్యాన్సరుగా మాఱుట, ఈ మెట్లకు జన్యువుల తప్పులు క్రమముగా తోడగుచుండునని 1990 సంవత్సరమున వివరించిరి. మొదటి మెట్టునుండి తుది మెట్టునకు పదేండ్లు, అంతకు మించియు పట్టవచ్చును. అనగా రాచపుండు ఒక్క రాత్రిలో వచ్చు దొంగ కాదు. నెమ్మదిగా మెట్టు మెట్టునకు గుఱుతు విడుచుచు వచ్చును. ఆ గుఱుతులను ముందుగా గుర్తించుటయే నేటి పరిశోధన.

ఇందుకు మన యింటి యుదాహరణమే కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతపు పల్లెలలో చుట్టను నిప్పు వైపు నోటిలో పెట్టి కాల్చు అలవాటు తరతరములుగా ఉన్నది. దీనిని అడ్డపొగ యందురు. స్త్రీలయందు ఈ యలవాటు మెండు. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలోని వ్యాధినిదాన పండితుడు ఖనోల్కరుగారు, సూర్యాబాయిగారితో కలిసి, దేశాచారములవలన కలుగు మూడు విధముల క్యాన్సరులను గూర్చి 1945 సంవత్సరమున ఒక వ్యాసము ప్రకటించిరి. అందొకటి ఈ చుట్టవలన అంగిటియందు పుట్టు క్యాన్సరు. లోకమున ఇతరత్ర అంగిటి క్యాన్సరు అరుదు. అడ్డపొగ త్రాగు చోట్ల అది తఱచు.

అడ్డపొగ త్రాగువారి అంగిలి మొదట పాలిపోయి తెల్లబడును. లాలాజల రంధ్రముల చుట్టు ఎఱ్ఱని చుక్కలు లేచును. పిమ్మట తెల్లమచ్చలు, ఎఱ్ఱమచ్చలు ఏర్పడును. వానిలో కొన్ని పుండుగా మాఱును. తొలి మెట్లలోనే పొగ మానినచో ఆ మార్పులు పలువురిలో తగ్గిపోవును. ఇచ్చట చిక్కేమనగా, కంటికి రెండు తెల్లమచ్చలు ఒక్క తీరుననే కన్పట్టవచ్చును. ఒకటి ఇరువదేండ్లు అట్లే పడియుండును. మఱియొకటి రెండు మూడేండ్లలో ప్రాణాంతకమగును. ఏది యెట్టిదో ఎట్లు తెలియును? సూక్ష్మదర్శిని కొంత చెప్పును. అంతకంటె లోతుగా, కణములోని దస్తరము చెప్పును. నోటి తెల్లమచ్చలలో 3వ క్రోమోసోము, 9వ క్రోమోసోము యొక్క పొట్టి భుజములందు తునుకలు లోపించియున్నచో, అట్టి మచ్చ క్యాన్సరుగా మాఱు అపాయము హెచ్చని కెనడా దేశపు పరిశోధకులు కనుగొనిరి. ఇట్టి గుఱుతులనే అణుస్థాయి చిహ్నములు అందుము.

ఈ చిహ్నములను మేము చదువు విధమును కొంచెము చెప్పెదను. దేహమునుండి తీసిన ముక్కను వెంటనే ఫార్మలిను అను ద్రవమున వేయవలెను. అది ముక్క కుళ్లకుండ, కణములు తీసిన నాటి రూపముననే నిలుచునట్లు చేయును. తరువాత దానిలోని నీరు తొలగించి, కరిగిన మైనము పట్టించి, దిమ్మగా పోసెదము. ఆ మైనపు దిమ్మను వాడియైన కత్తితో చెక్కినచో, మిల్లీమీటరులో వెయ్యింట నాలుగు పాళ్ల మందము గల పొర వచ్చును. దానిని గాజు పలకపై పఱచి రంగులద్దెదము. మధ్య అమెరికాలో పెరుగు ఒక చెట్టు చేవనుండి తీసిన రంగు కేంద్రకములకు నీలివన్నె తెచ్చును. మఱియొక రంగు తక్కిన భాగమునకు గులాబివన్నె తెచ్చును. ఈ పద్ధతి నూఱేండ్లకు పైబడి సాగుచున్నది. ముక్కలో క్యాన్సరు కలదా లేదా యనునది దీనితోనే చాలవఱకు తేలును.

అయితే ఒకే తీరున కన్పట్టు రెండు గడ్డలు ఒకే మందునకు లొంగవు. అందువలన కణములోని ప్రొటీనులను వేఱు వేఱుగా గుర్తింపవలసి వచ్చెను. ఒక్కొక్క తాళమునకు ఒక్కొక్క తాళపుచెవి పట్టునట్లు, ఒక్కొక్క ప్రొటీనును మాత్రమే అంటుకొను ప్రతిరక్షకములను పదార్థములు కలవు. అమెరికాలో కూన్సు అను పండితుడు 1941 సంవత్సరమున ప్రతిరక్షకమునకు వెలుగునిచ్చు రంగును కట్టి, దాని జాడ తెలిసికొను మార్గము చూపెను. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున కోలరు, మిల్‌స్టీను అను ఇరువురు 1975 సంవత్సరమున ఒకే విధమగు ప్రతిరక్షకమును కావలసినంత తయారుచేయు ఉపాయము కనిపెట్టిరి. నేడు మా ప్రయోగశాలలలో ఆ ప్రతిరక్షకమును పలకపై వేసినచో, వెదకిన ప్రొటీను ఉన్నచోట గోధుమవన్నె లేచును. లేనిచోట లేవదు.

దీని ప్రయోజనము రొమ్ము క్యాన్సరునందు స్పష్టముగా కన్పట్టును. 1896 సంవత్సరమున గ్లాస్గో నగరమందలి బీట్సను అను వైద్యుడు, ముదిరిన రొమ్ము క్యాన్సరు గల స్త్రీలకు అండాశయములు తీసివేయగా గడ్డలు తగ్గుట చూచెను. కాని తరువాతి వైద్యులు చూడగా అందఱకు తగ్గలేదు. కొందఱికే ఏల తగ్గెను? అఱువదేండ్లపాటు ఈ ప్రశ్నకు సమాధానము దొరకలేదు. 1950 దశకము చివర షికాగో నగరమున జెన్సెను అను శాస్త్రజ్ఞుడు, కొన్ని కణములయందు ఈస్ట్రోజను అను స్త్రీ హార్మోనును పట్టుకొను గ్రాహకము కలదని కనుగొనెను. ఆ గ్రాహకమున్న గడ్డ హార్మోనును తిని పెరుగును. హార్మోనును అడ్డగించినచో తగ్గును. గ్రాహకము లేని గడ్డకు ఆ యుపాయము పనిచేయదు. 1970 దశకమున టామాక్సిఫెను అను మాత్ర వాడుకలోనికి వచ్చెను. నేడు నూఱు క్యాన్సరు కణములలో ఒక్కదాని కేంద్రకమైనను గోధుమవన్నె పొందినచో, హార్మోను చికిత్సకు యోగ్యత కలదని వ్రాసెదము.

మఱియొక గుఱుతు హెర్-2. అది ములుకోలవంటి జన్యువు. దాని ప్రతులు మితిమీఱి పెరిగిన గడ్డలు త్వరగా పాకునని లాస్ ఏంజిలీసు నగరమందలి స్లామను మున్నగువారు 1987 సంవత్సరమున ప్రకటించిరి. అపాయమును తెలిపిన గుఱుతే ఆయుధమునకు గుఱియైనది. దానినే పట్టి అడ్డగించు ట్రాస్టుజుమాబు అను మందు 1998 సంవత్సరమున అమెరికాలో ఆమోదము పొందెను. రొమ్ము క్యాన్సరు గలవారిలో నూటికి సుమారు 15 నుండి 20 మందికి ఈ గుఱుతు కన్పట్టును. తక్కినవారికి ఆ మందు నిరర్థకము. ధనమును పోవును, కాలమును పోవును. ఎవరికి ఏది తగునో ముక్క చెప్పవలసినదే.

నెత్తురు క్యాన్సరు కథ ఇంకను విచిత్రము. 1960 సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరమున నోవెలు, హంగర్‌ఫర్డు అను ఇరువురు, దీర్ఘకాలము సాగు ఒకవిధమగు నెత్తురు క్యాన్సరునందు పొట్టిదైన క్రోమోసోము నొకదానిని చూచిరి. 1973 సంవత్సరమున షికాగోలోని జానెట్ రౌలీ అను విదుషీమణి, 9వ క్రోమోసోము తునుకయు, 22వ క్రోమోసోము తునుకయు ఒకదాని చోటున ఒకటి చేరినవని తెలిపెను. సరిహద్దు రాయి పీకి ఇరువురి పొలములు తాఱుమాఱైనట్లు, రెండు జన్యువులు అతుకుకొని, ఆగక పొడుచు ములుకోల పుట్టినది. దానిని అడ్డగించు ఇమాటినిబు అను మాత్ర 2001 సంవత్సరమున అమెరికాలో ఆమోదము పొందెను. ఆ మాత్రతో చికిత్స ప్రారంభించిన వారిని గూర్చి జరిపిన ఒక పెద్ద పరిశోధనలో, ఎనిమిదేండ్ల తరువాత నూటికి సుమారు 85 మంది జీవించియుండిరి. గుఱుతు కన్పట్టిన నాటికిని మాత్ర వచ్చిన నాటికిని నడుమ నలుబదియొక్క యేండ్లు గడచినవి. పరిశోధన యనునది కొబ్బరిమొక్క నాటుటవంటిది. నాటినవాడు ఫలము తినకపోవచ్చును.

ఈ శాస్త్రమును మితిమీఱి పొగడుటయు నా యుద్దేశము కాదు. గుఱుతు తెలిసినను మందు లేని క్యాన్సరులు ఇంకను ఉన్నవి. పైన చెప్పిన గుఱుతులలో ఏదియు లేని రొమ్ము గడ్డలకు చికిత్స కష్టతరము. మందు పనిచేసినను, కొంతకాలమునకు కణములు క్రొత్త తప్పులు కూర్చుకొని తప్పించుకొనవచ్చును. ఇక ‘చుక్క నెత్తురుతో అన్ని క్యాన్సరులు తెలిసిపోవును’ అను ప్రకటనలను చూచి మోసపోకుడు. నెత్తుటిలో చూచు చిహ్నములు కొన్ని ఇతర వ్యాధులలోను హెచ్చును. క్యాన్సరు ఉన్నను కొన్నిమాఱులు హెచ్చవు. అవి చికిత్స పొందువారిని కనిపెట్టియుండుటకు ఉపకరించును. ఆరోగ్యవంతులు వానిని చూచి ధైర్యమో భయమో తెచ్చుకొనరాదు.

మరల ఆ గృహిణి మాటకు వత్తము. ఎముకనుండి మరల ఒక ముక్క తీసి పరీక్షించితిమి. హార్మోను గ్రాహకము నిండుగా ఉన్నది. గోధుమవన్నె కేంద్రకములతో పలక నిండిపోయెను. మాత్రలిచ్చిరి. నొప్పి తగ్గి, ఆమె లేచి తిరిగి, ఇంటి పనులు చేసికొనెను. కాని ఎముకలకు పాకిన వ్యాధిని అదుపులో ఉంచవచ్చును గాని, నిర్మూలించుట దుర్లభము. ఆ మాత్రలే రెండేండ్లకు ముందు ఇచ్చియుండినచో, వ్యాధి తిరిగి రాకుండుటకు మంచి యవకాశముండెడిది. ఆ సంగతి తెలుపవలసిన గడ్డ గిన్నెలోనుండి కుప్పలోనికి పోయెను.

కావున పెద్దలారా, మిమ్ము నాలుగు కోరికలు కోరుచున్నాను.

మూడు వారములు గడచినను మానని నోటిపుండు, అంగిట తెల్లమచ్చ లేక ఎఱ్ఱమచ్చ, రొమ్మున నొప్పిలేని గడ్డ, ముట్లుడిగిన పిమ్మట కనబడు నెత్తురు, వీనిని చూచినవారు మీ దగ్గఱకు సలహాకు వచ్చినచో, ఆలస్యము చేయక ఆసుపత్రికి పొండని చెప్పుడు. నొప్పి లేదు గదా యని ఊరకుండవలదు. ఆరంభమున అది తఱచు నొప్పింపదు.

రెండవది, దేహమునుండి ఏ గడ్డ తీసినను, అది చిన్నదైనను, ముక్క పరీక్షకు పంపుడని వైద్యుని మీరే అడుగుడు. దానిని ఉప్పునీటిలోనో, ఉత్త సీసాలోనో వేసి మఱునాడు పట్టుకొనిపోవుట తగదు. ఫార్మలినులో వేసిరా యని అడుగుటకు సంకోచింపకుడు. చెడిపోయిన ముక్క తప్పు చెప్పవచ్చును. దానివలన తప్పు మందు పడవచ్చును.

మూడవది, పరీక్షాపత్రమును పొలము కాగితమువలె భద్రపఱచుడు. మైనపు దిమ్మ యొకటి ప్రయోగశాలలో ఉండును. వేఱొక ఆసుపత్రికి మాఱవలసివచ్చినచో, ఆ దిమ్మను అడిగి వెంట తీసికొని పొండు. ఏండ్లు గడచినను దానినుండి క్రొత్త పొరలు చెక్కి, క్రొత్త గుఱుతులు వెదకవచ్చును. నేడు మందు లేని గుఱుతునకు రేపు మందు రావచ్చును.

నాలుగవది, చుట్టయు, బీడీయు, ఖైనీయు, గుట్కాయు మీరు మానుడు, మాన్పింపుడు. దస్తరమున తప్పులు వ్రాయు చేతిని ముందు ఆపుట, పిమ్మట తప్పులు దిద్దుటకంటె సులువు.

ఊరిలో వైద్యుని మాటకంటె మీ మాటకే బలమెక్కువ. ఆ గృహిణి ఇంట ‘ఇంకా దానితో ఏమి పని?’ అన్న మాటయే చెల్లినది. రేపు అట్టి సమయమున మీలో ఎవరైనను ముందుకు వచ్చి, ‘ఆ ముక్కను పారవేయకుడు, పరీక్షకు పంపుడు’ అని చెప్పినచో, ఆ యింటికి గొప్ప మేలు చేసినవారగుదురు.